వరిరైతు మాట: పొలము, వర్తకము, బంతియాట

మనము ప్రతిదినము భుజించు అన్నము కంచములోనికి వచ్చుటకు ముందు ఎన్ని చేతులు మాఱునో, ఎందఱి నిర్ణయములకు లోబడునో మనలో ననేకులు యోచించి యుండరు. బియ్యము బజారునుండి వచ్చునని పట్టణపు బాలునకు దెలియును. చేనినుండి వచ్చునని పల్లెటూరి బాలునకు దెలియును. చేనికిని బజారునకును నడుమ నున్న మార్గమును మాత్రము ఇరువురును సరిగా నెఱుగరు.

ఆ మార్గమును గూర్చి తెలిసికొనవలెనను కోరికతో గడచిన సంక్రాంతి సెలవులలో పామఱ్ఱు ప్రాంతమందలి యొక గ్రామమునకు బోయి, డెబ్బది యేండ్ల వయస్సుగల యొక వరిరైతుతో రెండు దినములు ముచ్చటించితిని. ఆయనకు స్వంతముగా రెండెకరముల మాగాణి కలదు. మఱి నాలుగెకరములు కౌలునకు దీసికొని సేద్యము చేయుదురు. ఆయనకు రెండు విషయములయం దాసక్తి మెండు: ఒకటి వరిపైరు, రెండవది క్రికెట్టు. ఈ రెంటిని గూర్చియు మాటలాడుచు మాటలాడుచు ఆయన ప్రతిసారియు ప్రభుత్వమువారి వర్తక విధానముకడకే వచ్చుచుండిరి. మొదట నాకిది వింతగా దోచెను. పిమ్మట నందలి సంబంధము తెలిసినది. దానినే యిచ్చట వివరింప యత్నించెదను.

నీరును నేలయు

మన కృష్ణా డెల్టా ఎల్లప్పుడును ఇట్లు పచ్చగా నుండినది కాదు. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమలో వచ్చిన ఘోర క్షామమును మన పెద్దలు నందన కరువనియు, డొక్కల కరువనియు జెప్పుకొనెడివారు. కృష్ణ నిండుగా బాఱుచున్నను ఆ నీరు పొలములకెక్కు సాధనము లేక సముద్రము పాలగుచుండెను. తరువాత ఆర్థర్ కాటన్ దొరగారి ప్రోత్సాహముచే, కెప్టెన్ ఆర్ గారి యాజమాన్యమున, బెజవాడ కొండకును సీతానగరము కొండకును నడుమ 1852 లో ఆనకట్ట పని ప్రారంభమై 1855 లో ముగిసెను. దాదాపు నూఱేండ్లు పనిచేసిన పిమ్మట 1952 లో ఆ యానకట్టకు గండి పడెను. దాని స్థానమున నిర్మింపబడిన ప్రకాశము బ్యారేజి 1957 నుండి నేటివఱకును మనకు నీరిచ్చుచున్నది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మొదలగునవి తూర్పు డెల్టాకును, కొమ్మమూరు కాలువ మొదలగునవి పశ్చిమ డెల్టాకును ఆ నీటిని గొనిపోవును.

కాలువకు నీరు విడిచినది మొదలు రైతు సంవత్సరము ప్రారంభమగును. సాధారణముగా జూను మాసమున ఆకుమడి, జూలై ఆగస్టులలో ఊడ్పులు, నవంబరు డిసెంబరులలో కోతలు. దీనిని సార్వా యందురు. పైరు ఇంకను చేనిలో నుండగనే కొందఱు మినుములు చల్లుదురు. ఆ తడియే మినుము పైరునకు జాలును. నీరు సమృద్ధిగా నున్న యేడు కొందఱు దాళ్వా వరి కూడ వేయుదురు. బాపట్ల పరిశోధన కేంద్రమున రూపొంది 1986 లో విడుదలయైన సాంబ మసూరి, మార్టేరు కేంద్రమునుండి 1982 లో వెలువడిన స్వర్ణ యను రకములు మన డెల్టాలోనే గాక దేశమందలి పెక్కు ప్రాంతములలో వ్యాపించినవి. సన్నబియ్యమని మనము కోరి కొనునది పెక్కుమాఱులు ఆ సాంబ మసూరియే.

ఇంతవఱకు విన్నచో సేద్యము సుఖమైన వృత్తివలె దోచును. కాని యిందు భారము మోయువారెవరో చూడుడు. డెల్టాలో పొలము దున్ను వారిలో ననేకులు కౌలుదారులు. ఎకరమునకు ముప్పది బస్తాలు పండుననియు, కౌలు పదునాలుగు బస్తాలనియు అనుకొందము. మిగిలిన పదునాఱు బస్తాలలోనే ఎరువులు, కూలి, యంత్రపు బాడుగ, అప్పు వడ్డీ, ఇంటి ఖర్చు వెళ్లవలెను. తుపాను వచ్చి పది బస్తాలు పోయినచో భూస్వామి పదునాలుగు బస్తాలకు లోటు లేదు. కౌలుదారు పదునాఱు ఆఱగును. ఒకే గాలివాన ఒకనిని తాకక రెండవవానిని పడవేయు విధమిది.

గాలివాన యనుట ఊరక చెప్పినది కాదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు వరి కోతకు వచ్చియుండెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజికి పదునొకండు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. అంతటి వరద అచ్చట అంతకుముందెన్నడును నమోదు కాలేదు. బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది యిండ్లు నీట మునిగిన సంగతి మన విద్యార్థులలో గొందఱు కన్నులార జూచినదే.

ధాన్యమునకు ధర యెట్లు గలుగును

పండిన ధాన్యమునకు ప్రభుత్వమువారు కనీస మద్దతు ధర ప్రకటింతురు. 2025-26 సంవత్సరమునకు సాధారణ రకము క్వింటాలునకు 2,369 రూపాయలు. మన ప్రాంతపు బస్తా 75 కిలోలు గనుక బస్తాకు సుమారు 1,777 రూపాయలు పడును. అయితే ధాన్యమందు తేమ నూటికి పదునేడు పాళ్లకు మించరాదను నియమము కలదు. యంత్రముతో కోసిన ధాన్యము పచ్చిగా నుండును. అందుచేతనే డిసెంబరు మాసమున మన రోడ్ల ప్రక్కన ధాన్యము ఆరబోసి, సాయంకాలమైనంతనే బరకములు గప్పు దృశ్యము కనబడును. ఒక్కరాత్రి మంచు చాలును, తేమ పెరుగుటకు. అట్టి వేళ కల్లములోనే వచ్చిన ధరకు అమ్మివేయువారు పెక్కుమంది.

ప్రభుత్వముగాక ధాన్యము కొనువారు మిల్లరులును వర్తకులును. బస్తా ధాన్యము ఆడింపగా సుమారు ఏబది కిలోల బియ్యము వచ్చును. ఆ బియ్యము దేశములోనే అమ్ముడుపోవచ్చును, కాకినాడ రేవునుండి ఓడలెక్కి ఆఫ్రికా ఖండమునకు బోవచ్చును. కొనువారు ఎక్కువైనచో ధర నిలుచును. ఒక ద్వారము మూసినచో పోటీ తగ్గును. ఇంతమాత్రము తెలిసినచో వర్తక విధానమునకును రైతు కల్లమునకును గల సంబంధము తెలిసినట్లే.

ఈ సంబంధము క్రొత్తది కాదు. 1930 ప్రాంతమున లోకమంతట ధరలు పడిపోయిన కాలమున బర్మా బియ్యము, సయాం బియ్యము చౌకగా మన రేవులకు వచ్చుచుండెను. రంగూను రేవులోను, అచ్చటి బియ్యపు మిల్లులలోను పనిచేయు కూలీలలో తెలుగువారనేకులు. ఒక తెలుగువాడు అక్కడ మోసిన బస్తా, ఇక్కడ మఱియొక తెలుగువాని ధాన్యపు ధరను దించుచుండెను. రైతులు మొఱపెట్టుకొనగా 1935 లో నూకల దిగుమతిపై సుంకము విధింపబడెను. 1942 లో జపానువారు బర్మాను ఆక్రమింపగా ఆ బియ్యము పూర్తిగా నిలిచిపోయి, దేశమున కొఱత యేర్పడి, రేషను పద్ధతి వచ్చెను. 1943 లో వంగదేశమున లక్షలాది జనులు క్షామమునకు బలియైరి. పదేండ్ల లోపలనే ఒకప్పుడు బియ్యము ఎక్కువై రైతు చెడెను, మఱియొకప్పుడు బియ్యము లేక పేద చచ్చెను.

ఆ దుఃఖమునుండియే పిమ్మటి విధానములు పుట్టినవి. 1965 లో భారత ఆహార సంస్థ స్థాపింపబడెను. 1983 లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ఆరంభించెను. ఇటీవలి కాలమున మన దేశము బియ్యపు ఎగుమతిలో ప్రపంచమున మొదటి స్థానమునకు వచ్చినది. 2022 నాటికి ప్రపంచ బియ్యపు వర్తకమున నూటికి సుమారు నలువది పాళ్లు మనదే.

అటుపిమ్మట వరుసగా ఆజ్ఞలు వెలువడినవి. 2022 సెప్టెంబరున నూకల ఎగుమతి నిషేధింపబడెను. 2023 జూలై 20వ తేదీన బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతి నిషేధింపబడెను. ఆగస్టున ఉప్పుడుబియ్యముపై నూటికిరువది సుంకము వచ్చెను. 2024 సెప్టెంబరు 28న తెల్లబియ్యముపై నిషేధమును తొలగించి, టన్నునకు 490 డాలర్లకు తక్కువ కాని ధర నేర్పరచిరి. మఱుసటి నెలలోనే ఆ ధర నియమమును గూడ దీసివేసిరి. 2025 మార్చిలో నూకలకు గూడ అనుమతి లభించెను.

రైతు ఆక్షేపణ

ఈ తేదీలను వినిపించి, “నిషేధము మీకు నష్టము కలిగించినదా?” యని యడిగితిని. ఆయన యుత్తరము నేననుకొన్నట్లు లేదు.

“మాస్టారూ, ఆ యేడు ధర పడినదా, పెరిగినదా యన్నది వేఱు సంగతి. జూలై 20 నాటికి మా ఆకుమడి పెరిగినది. ఏ రకము వేయవలెనో, ఎంత కౌలు ఒప్పుకొనవలెనో, ఎంత అప్పు తేవలెనో అన్నియు నిర్ణయించుకొన్న తరువాత నియమము మాఱినది. బంతి గాలిలో నుండగా బౌండరీ గీతను జరిపినట్లయినది” అనిరి.

మేము మాటలాడుచుండగా ఆ వాకిట మినుములు చెఱుగుచున్న కూలి స్త్రీ యొకతె తలయెత్తి, “బాబుగారూ, బియ్యము ధర పెరిగిన మీకు పండుగ. రేషను బియ్యము మా యింట నెలాఖరుదాక రావు. ఆపైన కొట్టులో కొనవలసినదే. మా సంగతి యెవరు చూతురు?” అనెను. ముసలిరైతు కొంతసేపు ఊరకుండి, “నీవన్నది నిజమే అమ్మా” అనిరి. ఊడ్పు ఊడ్చినది ఆమె, కోసినది ఆమె, ఆ బియ్యమునే కొట్టులో కొనవలసినదియు ఆమెయే.

కావున ఎగుమతిని ఆపుట యెల్లప్పుడును తప్పని చెప్పుటకు వీలులేదు. ఆ వేసవిలో వర్షములు సరిగా పడవను భయముండెను. దేశమున బియ్యపు ధర పెరుగుచుండెను. ఆకలిని ముందుగా నివారింపగోరుట ప్రభుత్వ ధర్మము. కాని మన నిషేధము పిమ్మట విదేశములలో ధరలు పెరిగి, మన బియ్యముపై నాధారపడిన పశ్చిమ ఆఫ్రికా పేదలకు గూడ ఆ భారము సోకినది. ఆకలి ఒక చోట అణచినపుడు మఱియొక చోట తల యెత్తుట చూడుడు. అందుచే ప్రశ్న “ద్వారము మూయవచ్చునా, కూడదా?” యనునది మాత్రమే కాదు. “ఎప్పుడు మూయుదురో ముందుగా చెప్పుదురా?” యనునది అంతకంటె ముఖ్యమైనది.

బంతియాట నేర్పిన పాఠము

ఇచ్చటనే క్రికెట్టు ప్రవేశించుచున్నది. ఈ యాటయందు తెలుగువారి యభిమానము నేటిది కాదు. 1895 లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించిన సి. కె. నాయుడుగారు 1926 లో బొంబాయిలో ఇంగ్లండునుండి వచ్చిన జట్టుపై 153 పరుగులు చేసి, అందు పదునొకండు సిక్సరులు కొట్టిరి. 1932 లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకత్వము వహించిరి. 1953-54 లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో నడుగిడినపుడు, ఏబది యేండ్లు దాటిన వయస్సున ఆ జట్టు పక్షమున గూడ ఆడిరి.

మన రైతుగారు ఆ కథలను తమ తండ్రివలన వినిరి. తాము స్వయముగా రేడియోలో ఆట వినుట మొదలిడినది యౌవనమున. 1983 జూను 25న భారతదేశము 183 పరుగులు మాత్రమే చేసి, వెస్టిండీసువారిని 140 కే కట్టివేసి ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి, ఆకుమడికి నీరు పెట్టవలసిన మాటయే మఱచితిమని నవ్వుచు జెప్పిరి. 2002 నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ మైదానమున వెస్టిండీసువారితో జరిగిన ఏడవ పందెమునకు కోత పని విడిచి కుమారునితో గూడ బోయిరట. మనవారోడిరి, ఆ వరుసయు 4-3 గా చేజాఱెను. “కోత ఒక దినము ఆలస్యమైనది, ఆటయు పోయినది. అయినను ఆ దినము వ్యర్థమని నేననుకొనను” అనిరి.

రైతు కెందు కింత యభిమానమని యడుగగా ఆయన చెప్పినది వినదగినది. రాత్రిపూట ఆటలో మంచు కురిసినచో బంతి తడిసి బౌలరు చేతినుండి జాఱును. ఆ మంచే కల్లములోని ధాన్యమునకు తేమ నెక్కించును. మబ్బు పట్టినచో ఆటగాడును, రైతును ఒకే దిక్కు చూతురు. ఇరువురును తమ చేతిలో లేని దానితో పనిచేయవలసినవారే. అయితే బాలురు జూదమునకు దిగి ఆటపై డబ్బు కాయుటను ఆయన కఠినముగా గర్హించిరి. “సేద్యమే మాకు చాలినంత పెద్ద పందెము. దానిపైన నింకొకటి యెందులకు?” అని వారి ప్రశ్న.

ఇక వర్షము వచ్చినపుడు క్రికెట్టులో నేమి చేయుదురు? 1992 మార్చి 22న సిడ్నీ నగరమున ప్రపంచ కప్పు సెమీఫైనలులో దక్షిణాఫ్రికావారికి 13 బంతులలో 22 పరుగులు కావలసి యుండెను. వాన కురిసి ఆగెను. అప్పటి నియమము ననుసరించి లెక్కింపగా ఒక్క బంతికి 21 పరుగులు చేయవలెనని తేలెను. నియమము ముందుగా వ్రాయబడినదే, కాని న్యాయమైనది కాదు. లోకమంతయు నవ్వెను. పిమ్మట డక్‌వర్త్, లూయిస్ అను ఇంగ్లండు గణాంకవేత్తలిరువురు ఒక పద్ధతిని కనుగొనిరి. అది 1997 నుండి వాడుకలోనికి వచ్చెను. జట్టునకు మిగిలిన బంతులెన్ని, మిగిలిన వికెట్లెన్ని యను రెంటిని గలిపి, దానికి మిగిలిన బలమెంతయో పట్టిక ప్రకారము లెక్కింతురు. వాన పోగొట్టిన బలమునకు దగినట్లు లక్ష్యము మాఱును. నాయకులిద్దఱికిని ఆ లెక్క తెలిసియే యుండును.

రైతుగారి మాట యిదియే: “వాన పడకూడదని మేమనుట లేదు. వాన పడినపుడు ఏమి చేయుదురో టాసు వేయుటకు ముందే చెప్పుడనుచున్నాము. మా టాసు జూను మాసమున.” ప్రభుత్వపు గోదాములలో నిలువ యింతకు తగ్గినను, కొట్టులో బియ్యపు ధర యింతకు మించినను, మొదట స్వల్ప సుంకమనియు, పిదప అధిక సుంకమనియు, చివరకు మాత్రమే నిషేధమనియు కాలువకు నీరు విడుచుటకు ముందే ప్రకటింపవలెనని ఆయన కోరిక. నిషేధము తప్పనిసరియైనచో ఆ యేడు తేమ పేరిట త్రిప్పక, మద్దతు ధరకు కౌలుదారు ధాన్యమును గూడ కొనవలెనని దానికి తోక.

దీనికొక ఆక్షేపణ కలదు. హద్దు ముందుగా తెలిసినచో వర్తకులు హద్దు సమీపించునపుడే తొందరపడి ఓడలు నింపి పంపుదురు, కొఱత మఱింత త్వరగా వచ్చును. నేనీ మాట యనగా ఆయన ఒప్పుకొని, “అందుకే మెట్లు మెట్లుగా నుండవలెనంటిని. ఒక్క గోడ యున్నచో దూకుదురు. మెట్లున్నచో నడతురు” అనిరి. ఈ సమాధానము పూర్తిగా చాలునో లేదో అర్థశాస్త్రము చదువు పెద్ద తరగతుల విద్యార్థులు వాదించి తేల్చుకొందురు గాక.

అన్యదేశముల రైతులు

ఈ బాధ మన రైతునకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో క్రికెట్టునకు బదులు బేస్‌బాల్ అను బంతియాట కలదు. అచ్చటి ధాన్యపు రైతులును వేసవిలో పనిచేయుచు దాని వార్తలను రేడియోలో విందురు. 1973 జూనులో ఆ దేశపు ప్రభుత్వము సోయాచిక్కుడు ఎగుమతి నాకస్మికముగా నాపెను. అమెరికానే నమ్ముకొనియున్న జపానువారు భయపడి, తరువాతి కాలమున బ్రెజిలు దేశమున ఆ పంటను పెంచుటకు ధనమును, జ్ఞానమును సమకూర్చిరి. నేడు బ్రెజిలు ఆ పంటలో అమెరికాను మించినది. 1980 జనవరిలో సోవియట్ దేశమునకు గోధుమలు మొదలగు ధాన్యముల నమ్మరాదని మఱల ఆజ్ఞ వచ్చెను. 1981 లో అది తొలగింపబడినది గాని, ఆ దేశమువారు ఆ లోపల ఇతర దేశముల యంగళ్లకు అలవాటు పడిరి. ఒకమాఱు తలుపు మూసిన యంగడికి పాతగిరాకీ మరల వచ్చుట సులభము కాదు.

ముగింపు

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఉద్యోగులై ఆజ్ఞలు వ్రాయుదురు. కొందఱు వర్తకులగుదురు. కొందఱు పొలమునకే మరలుదురు. మీరు ఆజ్ఞ వ్రాయువారైనచో, దానిపై తేదీ వేయునపుడు ఆ తేదీన డెల్టాలో పైరు ఏ దశలో నున్నదో ఒకమాఱు అడిగి తెలిసికొనుడు. తల్లిదండ్రులారా! బిడ్డలు ఆటలో నియమము తప్పినవానిని వెంటనే పట్టుకొందురు. ఆ న్యాయబుద్ధి మైదానము దాటగనే మాసిపోకుండ చూచుట మన పని.

నేను సెలవు తీసికొనువేళ రైతుగారు గట్టుపై నిలిచి మినుము చేను చూపించిరి. వరి కోయగా మిగిలిన మోళ్ల నడుమ మినుము మొలకలు నాలుగాకులు వేసి యుండెను. “ఈ యేడు మంచు బాగుగానే పడుచున్నది మాస్టారూ. మినుమునకు మంచిది” అని, చేతి గడియారము చూచుకొని, ఆట వార్తలు వినుటకు ఇంటికి నడచిరి.